ఒక్క మనిషి మీద నిలబడ్డ లోటస్

నెల్లూరు నుంచి చెన్నై వెళ్లే హైవే మీద గుమ్మిడిపూండి దాటాక షోలవరం వస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అక్కడ విమానాల కోసం ఒక రన్‌వే వేశారు. యుద్ధం ముగిసింది, విమానాలు పోయాయి, రన్‌వే మిగిలింది. 1950ల నుంచి మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ దాని మీదే కార్ల పందేలు, మోటార్‌సైకిల్ పందేలు నడిపింది. 1990లో శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ వచ్చేదాకా దక్షిణాది రేసింగ్‌కు షోలవరమే దిక్కు.

అలాంటి షోలవరాలు ఒక దేశం నిండా ఉంటే ఎలా ఉంటుంది? యుద్ధం తర్వాతి ఇంగ్లండ్ అదే. జర్మనీకి దగ్గరగా, బల్లపరుపుగా ఉండే తూర్పు తీరపు నార్ఫోక్‌లో అమెరికన్ బాంబర్ల కోసం పొలాలు చదును చేసి వరసగా రన్‌వేలు పోశారు. యుద్ధం అయ్యాక వాటితో ఎవరికీ పనిలేదు. ఇంకోపక్క, విమానాల ఇంజిన్లు విప్పి బిగించడం నేర్చిన కుర్రాళ్లు వేలమంది ఇళ్లకు తిరిగొచ్చారు. నేడు లోకమంతా చూసే సిల్వర్‌స్టోన్ ట్రాక్ కూడా ఒకప్పుడు బాంబర్ల స్థావరమే. 1950 మే 13న ఫార్ములా వన్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ మొదటి రేసు అక్కడే జరిగింది. ఫార్ములా వన్ టీముల్లో ఎక్కువ భాగం ఇంగ్లండ్‌లోనే ఎందుకున్నాయని మనవాళ్లు అడుగుతుంటారు. కారణం ఇక్కడే ఉంది.

ఆ కాలపు బిడ్డ కోలిన్ చాప్‌మన్. 1928లో పుట్టాడు. తండ్రి లండన్‌లోని హార్న్సీలో రైల్వే హోటల్ అనే పబ్బు నడిపేవాడు. చాప్‌మన్ యూనివర్సిటీ కాలేజీలో ఇంజినీరింగ్ చదువుతూనే, 1948లో పాత ఆస్టిన్ సెవెన్‌ను విప్పి తన మొదటి కారు కట్టుకున్నాడు. కట్టింది స్నేహితురాలు హేజెల్ వాళ్ల గ్యారేజీలో. తర్వాత ఆమె ఇచ్చిన కొద్దిపాటి డబ్బుతోనే 1952లో లోటస్ కార్ల కంపెనీ పెట్టాడు, ఆమెనే పెళ్లి చేసుకున్నాడు. 1966లో కంపెనీని నార్ఫోక్‌లోని హెథెల్‌కు తెచ్చాడు. అదీ పాత బాంబర్ స్థావరమే. రన్‌వే టెస్ట్ ట్రాక్ అయింది. రేసింగ్ టీమ్ కొన్నాళ్లకు పక్కనే ఉన్న కెటరింగమ్ హాల్ అనే పాత బంగళాకు మారింది.

చాప్‌మన్ ఆలోచన ఒక్కటే: బరువు తగ్గించు. అందరూ ఇనుప గొట్టాల చట్రం మీద కారు కడుతుంటే, 1962లో లోటస్ 25 అల్యూమినియం రేకులతో చేసిన తొట్టిలా వచ్చింది. ఆ పద్ధతిలో చట్రం, ఒళ్లు వేరువేరు కావు. అందులో జిమ్ క్లార్క్ 1963లో ఛాంపియన్ అయ్యాడు, 1965లో దాని తర్వాతి కార్లతో మళ్లీ గెలిచాడు. 1967లో లోటస్ 49కి ఇంజిన్‌నే చట్రంలో భాగం చేశారు. ఫోర్డ్ డబ్బుతో కాస్‌వర్త్ తయారుచేసిన ఆ ఇంజిన్ మొదటి రేసులోనే గెలిచింది. 1970ల చివర్లో కారు అడుగు భాగాన్ని తలకిందులైన విమానం రెక్కలా మలిచారు. గాలి కింద నుంచి దూసుకుపోతూ కారును నేలకేసి లాగి పట్టుకునేది. ఆ కారుతో 1978లో మారియో ఆండ్రెట్టి ఛాంపియన్. అప్పటికి లోటస్ చేతిలో ఆరు డ్రైవర్ టైటిళ్లు, ఏడు కన్‌స్ట్రక్టర్ (కారు తయారీదారు) టైటిళ్లు.

లోటస్ కార్లలో పోయిన ప్రాణాల సంగతి కూడా చెప్పాలి. 1968 ఏప్రిల్ 7న హాకెన్‌హైమ్‌లో క్లార్క్ పోయాడు. 1970లో మోంజా ప్రాక్టీసులో యోహెన్ రింట్ కారు బ్రేక్ షాఫ్ట్ విరిగి అతను చనిపోయాడు. ఆ ఏటి టైటిల్‌ను అతని పేరుకు మరణానంతరం ఇచ్చారు. చాప్‌మన్ మేధను ఎంత మెచ్చుకున్నా, ఆయన కార్లలో డ్రైవర్ ప్రాణానికి మిగిల్చిన చోటు తక్కువన్నది కాదనలేం.

ఇక డబ్బు. ఇది నెల్లూరు, ప్రకాశం రైతులకు పరాయి కథ కాదు. 1965లో బ్రిటన్ టీవీలో సిగరెట్ ప్రకటనలు నిషేధించింది. ప్రకటన వేయలేకపోతేనేం, టీవీలో కనిపించే కారు మీద పేరు రాయించవచ్చని ఇంపీరియల్ టొబాకో కంపెనీ పట్టేసింది. 1968లో లోటస్ కార్లు రేసుల్లో బ్రిటన్ జాతీయ రంగైన ఆకుపచ్చ వదిలేసి, గోల్డ్ లీఫ్ సిగరెట్ పెట్టె ఎరుపు, తెలుపు, బంగారు రంగులు పూసుకున్నాయి. 1972 నుంచి జాన్ ప్లేయర్ స్పెషల్ నలుపు, బంగారం. ఆ ఇంపీరియల్ వంశంలోంచే 1910లో కలకత్తాలో ఇంపీరియల్ టొబాకో ఆఫ్ ఇండియా పుట్టింది. నేటి ఐటీసీ అదే. గుంటూరు, ఒంగోలు, కందుకూరు నేలల వర్జీనియా పొగాకుకు బ్రిటన్ దశాబ్దాల పాటు పెద్ద గిరాకీ. మన ఊళ్లలో జాన్ ప్లేయర్స్ చొక్కాలు కొన్నవాళ్లకు ఆ పేరు ఒకప్పుడు ఛాంపియన్ కారు ముక్కు మీద ఉండేదని తెలిసి ఉండదు.

1982 డిసెంబర్ 16న చాప్‌మన్ గుండెపోటుతో చనిపోయాడు. వయసు 54. అప్పటికే మరో వ్యవహారం ముసురుకుంటోంది. అమెరికన్ వ్యాపారి జాన్ డెలోరియన్ బెల్‌ఫాస్ట్ దగ్గర పెట్టిన కార్ల ఫ్యాక్టరీకి బ్రిటిష్ ప్రభుత్వం కోట్ల పౌండ్లు పోసింది. ఆ కారు ఇంజినీరింగ్ పని లోటస్‌ది. అందుకోసం బయటికెళ్లిన సొమ్ములో పెద్ద మొత్తం స్విట్జర్లాండ్ దారిలో మాయమైంది. లోటస్ ఆర్థిక వ్యవహారాలు చూసిన ఫ్రెడ్ బుషెల్‌కు 1992లో మూడేళ్ల జైలు పడింది. చాప్‌మన్ బతికుంటే కనీసం పదేళ్లు వేసేవాణ్నని జడ్జి అన్నాడు.

టీమ్ వెంటనే కూలలేదు. పీటర్ వార్ పగ్గాలు పట్టాడు. 1985లో అయర్టన్ సెన్నా వచ్చి మూడేళ్లలో ఆరు రేసులు గెలిచాడు. చివరిది 1987 జూన్ 21న డెట్రాయిట్‌లో. చాప్‌మన్ పెట్టిన లోటస్ కార్లకు ఫార్ములా వన్‌లో దక్కిన 79 గెలుపుల్లో చివరిది కూడా అదే. మరుసటి ఏడు సెన్నా మెక్‌లారెన్‌కు వెళ్లిపోయాడు. 1988 లెక్క లోటస్ జబ్బును బయటపెట్టింది: ఒకే హోండా ఇంజిన్‌తో మెక్‌లారెన్ 16 రేసుల్లో 15 గెలిస్తే, అప్పటి ఛాంపియన్ నెల్సన్ పికే నడిపిన లోటస్ ఒక్కటీ గెలవలేదు. లోపం ఇంజిన్‌లో లేదు, కారులో ఉంది. కారు ఆలోచించే బుర్ర పోయి అప్పటికి ఆరేళ్లు.

1986లో రోడ్డు కార్ల కంపెనీని జనరల్ మోటార్స్ కొనుక్కుంది. రేసింగ్ టీమ్ ఆ అమ్మకంలో లేదు, అంటే వెనక ఏ ఫ్యాక్టరీ అండా లేని ఒంటరి. 1989లో హోండా లేదు, 1990 చివరికి క్యామెల్ సిగరెట్ డబ్బు పోయింది. ఇంకో బాధాకరమైన సంగతి. కంప్యూటర్ చెప్పినట్టు చక్రాలను పైకీ కిందికీ ఆడించే యాక్టివ్ సస్పెన్షన్‌ను ఫార్ములా వన్‌కు తెచ్చింది లోటస్. దాంతో 1992లో టైటిల్ కొట్టింది విలియమ్స్. మికా హాకినెన్‌ను పరిచయం చేసింది లోటస్. అతను ఛాంపియన్ అయింది మెక్‌లారెన్‌లో.

1994 సెప్టెంబర్‌లో మోంజాలో కొత్త ముగెన్ హోండా ఇంజిన్‌తో జానీ హెర్బర్ట్ నాలుగో స్థానం నుంచి బయల్దేరాడు. టీమ్‌లో అందరికీ ప్రాణం లేచొచ్చింది. మొదటి మలుపులోనే ఎడ్డీ ఇర్విన్ వెనక నుంచి గుద్దాడు. మర్నాడు టీమ్ అప్పుల కింద అడ్మినిస్ట్రేటర్ల చేతిలోకి వెళ్లింది. ఆ ఏడాదంతా ఒక్క పాయింటు రాలేదు. 1995 జనవరిలో సిబ్బందిని ఇళ్లకు పంపేశారు.

వ్యవస్థాపకుడు పోతే టీమ్ పోవాల్సిందేనా? కాదు. బ్రూస్ మెక్‌లారెన్ 1970లో 32 ఏళ్లకే టెస్టింగ్‌లో చనిపోయాడు. నాలుగేళ్లకు ఆయన టీమ్ ఛాంపియన్ అయింది, 2024లోనూ అయింది. అక్కడ పనిని, అధికారాన్ని పంచుకునే మనుషులు మిగిలారు. కొత్త యజమానులకు చోటిచ్చారు. లోటస్‌లో డిజైన్ నుంచి బ్యాంకు లెక్కల దాకా చివరి మాట చాప్‌మన్‌ది. ఆయన స్థానంలో నిలబడేలా ఎవరినీ తయారు చేయలేదు. సిగరెట్ కంపెనీలు, జపాన్ ఇంజిన్లు ఆ లోటును కొన్నేళ్లు కప్పాయి, అంతే.

పేరు మాత్రం తర్వాత చేతులు మారింది. 2010లో మలేసియా వ్యాపారి టోనీ ఫెర్నాండెజ్ దాన్ని మళ్లీ ట్రాక్‌కు తెచ్చాడు. 2011లో జర్మన్ గ్రాండ్ ప్రిలో మన పొరుగు చెన్నై కుర్రాడు కరుణ్ చాందోక్ ఆ కారు నడిపాడు. అదే ఏడు రెండు టీములు ఆ పేరు పెట్టుకున్నాయి, గొడవ కోర్టుకెక్కింది. పాత టీమ్‌తో ఆ రెండింటికీ ఉన్న బంధుత్వం పేరు వరకే.

నెల్లూరు నుంచి నార్ఫోక్‌లోని నార్విచ్‌కు చదువుకోవడానికి వెళ్లే పిల్లలకు, వాళ్లను చూడడానికి వెళ్లే తల్లిదండ్రులకు ఒక మాట. లండన్ చూసొచ్చాక ఒక పూట హెథెల్‌కు కేటాయించండి. చాప్‌మన్ కొడుకు క్లైవ్ నడిపే క్లాసిక్ టీమ్ లోటస్ వర్క్‌షాప్ అక్కడ ఉంది. పాత లోటస్ రేసు కార్లను విప్పి, బాగుచేసి, ఇప్పటికీ పందేలకు పంపుతున్నారు.