ఆరు కాలనీలు.. ఒకే దేశం: ఆస్ట్రేలియా ఎలా ఏర్పడిందో తెలుసా?

1901 జనవరి 1కి ముందు ఆస్ట్రేలియా అనే దేశమే లేదు. న్యూ సౌత్ వేల్స్, విక్టోరియా, క్వీన్స్‌లాండ్, సౌత్ ఆస్ట్రేలియా, వెస్టర్న్ ఆస్ట్రేలియా, టాస్మానియా.. ఇలా ఆరు బ్రిటిష్ కాలనీలుండేవి. ఎవరి పార్లమెంట్ వాళ్లది, ఎవరి సుంకాలు వాళ్లవి. చివరికి రైలు పట్టాల వెడల్పు కూడా వేరే! సిడ్నీ నుంచి మెల్‌బోర్న్ వెళ్లాలంటే సరిహద్దులోని ఆల్బరీలో దిగి, లగేజీ మోసుకుని ఇంకో రైలు ఎక్కాల్సిందే. దేశం ఒక్కటయ్యాక కూడా ఈ తిప్పలు 1962 దాకా తప్పలేదు.

1889లో టెంటర్‌ఫీల్డ్ సభలో న్యూ సౌత్ వేల్స్ ప్రీమియర్ హెన్రీ పార్క్స్ అందరం కలుద్దామని పిలుపునిచ్చారు. కానీ ఎక్కువ మొండికేసింది ఆ కాలనీయే. 1898 రిఫరెండంలో అక్కడ 'సరే' అన్నవాళ్లే ఎక్కువ. అయినా ప్రతిపాదన వీగిపోయింది. కనీసం 80 వేల ఓట్లు రావాలని ముందే షరతు పెట్టారు మరి. వచ్చినవి 71 వేల చిల్లర. దీంతో ప్రీమియర్లు మళ్లీ బేరానికి కూర్చున్నారు. రాజధాని న్యూ సౌత్ వేల్స్‌లోనే, కానీ సిడ్నీకి 100 మైళ్ల అవతల. అది కట్టేదాకా పార్లమెంట్ మెల్‌బోర్న్‌లో. 1899లో ఓటింగ్ గట్టెక్కింది. పార్లమెంట్ కాన్‌బెర్రాకు చేరింది మాత్రం 1927లో!

అందరికన్నా ఆలస్యంగా, 1900 జులైలో వెస్టర్న్ ఆస్ట్రేలియా ఓకే చెప్పింది. అక్కడి బంగారు గనుల ప్రాంతాలే పట్టుబట్టాయి.

ఈ కలయికలో చోటు దక్కనివాళ్లూ ఉన్నారు. జనాభా లెక్కల్లో ఆదివాసీలను కలపకూడదని రాజ్యాంగంలోని 127వ సెక్షన్‌లోనే రాసుకున్నారు. 1901లోనే తెల్లవాళ్లు కానివారి వలసలను అడ్డుకునే చట్టం తెచ్చారు. యూరప్ భాషలో డిక్టేషన్ పెట్టి, తప్పితే వెనక్కి పంపేసేవారు. ఆ 127వ సెక్షన్‌ను తొలగించింది 1967 రిఫరెండం తర్వాతే.