ఇంటి తూము – పెరటి చెట్టు

వానకాలమున నొకనాటి వేకువ మండువాలో నీరు నిలిచినదనుకొనుడు. రాత్రి కురిసిన వాన గొప్పది కాదు. తూము నోట ఆకులు లేవు, చెత్త లేదు. పొడవైన వెదురుబద్దను లోనికి దూర్చి త్రిప్పి లాగినచో దాని కొనకు గుఱ్ఱపు తోకవంటి వేళ్ళకుచ్చు చుట్టుకొని వచ్చును. ఇంటి యజమానుడు పెరటివైపు చూచును. అచట తాత నాటిన చెట్టు నిలిచియున్నది. చెట్టు కొట్టించుడని యొకరందురు. తూము పూడ్చి వేఱొకచోట త్రవ్వుడని మఱియొకరందురు. ఆ చెట్టు పొరుగువారిదైనచో మాట మాట పెరిగి తగవు పుట్టును. అది కడకు ఊరిపెద్దల యరుగుమీదికి వచ్చును.

ఈ తగవునకు వెనుక నొక చరిత్ర కలదు. దాని నెఱిగినవారికి తీర్పు చెప్పుట సులభము. పూర్వము చెట్టును తూమును పగవారు కారు. ఒకటి విడిచినదానిని మఱియొకటి త్రాగి బ్రతికెడిది. వాని నడుమ పగ పుట్టించినది మనము నేలలో కప్పి మఱచిపోయిన గొట్టము. నేటి ప్రసంగమున నేను మనవిచేయదలచిన విషయ మిదియే.

మొదట మన శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతములందలి పాతయిండ్లను తలంచుకొందము. తీరగ్రామములలో తాటాకు కప్పిన చుట్టిండ్లుండెడివి. వాననీరు వంగిన చూరునుండి జాఱి, వాకిటి పల్లమునుబట్టి తానే పోయెడిది. అట్టి యింటికి కప్పిన తూముతో పనిలేదు. కలిగినవారి మండువా లోగిళ్ళలో మాత్రము నాలుగువైపుల కప్పుల నీరును నడుమ ముంగిటిలో పడెడిది. ఆ నీరు ఇంటి క్రిందుగానే వెలికి పోవలెను గనుక ఇటుకతోనో రాతితోనో తూము కట్టి, పైన బండలు పఱచుచుండిరి. బండ నెత్తినచో లోపలి దంతయు కానవచ్చెడిది. ఇక స్నానము చేసిన నీరు, గిన్నెలు కడిగిన నీరు పోవు జలదారి తెఱపిగానే పెరటిలోనికి సాగెడిది. దాని కొనయందు అరటిపిలకయో, చేమమొక్కయో, కొబ్బరిమొక్కయో నాటుచుండిరి. చెట్టు ఆ నీటిని త్రాగి కాయ కాచెడిది, పెరటిని పొడిగా నుంచెడిది. అందఱి కన్నుల యెదుటనే దానికి నీరు వడ్డించుచుండిరి గనుక అది చాటుగా దొంగిలింపవలసిన యవసరము లేకుండెను.

మన దేవాలయములందును ఈ నీతి కానవచ్చును. వంశధారా తీరమున శ్రీముఖలింగమునందు తూర్పు గాంగుల కాలమునాటి మధుకేశ్వరాలయము కలదు. మధూకమనగా ఇప్పచెట్టు. ఆ చెట్టునుండియే స్వామి వెలసెనని స్థలపురాణము. మధుకేశ్వరుడను పేరు దానినిబట్టి వచ్చినదే. చెట్టే దైవముగా వెలసినదని నమ్మిన ప్రజలు చెట్టును పగగా చూచినవారు కారు. శివాలయములందు అభిషేకజలము వెలికి వచ్చు మార్గమును సోమసూత్రమందురు. ప్రదక్షిణము చేయువారు దానిని దాటరాదని నియమము. ఈ నియమమునకు శాస్త్రజ్ఞులు చెప్పు కారణములు వేఱైనను, లౌకికముగా దానివలన నొక మేలు కలుగుచున్నది. నీటిదారి యెక్కడ నున్నదో ప్రతి భక్తుడును ఎఱుగును. దానిపై మన్ను పోయువాడు లేడు, మొక్క నాటువాడు లేడు.

ఇంతకంటె ప్రాచీనమైన సాక్ష్యము సింధునదీ ప్రాంతమున దొరకినది. 1922లో మొహెంజోదారో త్రవ్వకములు మొదలైన పిమ్మట, నాలుగువేల యేండ్లకు మించిన యిటుక కాలువలు వీధివీధిని బయల్పడినవి. ఇంటి నీరు చిన్న కాలువగుండ వీధికాలువలో కలిసెడిది. కాలువపై ఇటుకలనో రాతిపలకలనో కప్పి, అవసరమైనపుడు తీయుటకు వీలుగా నుంచిరి. నడుమ నడుమ మడ్డి దిగుటకు గుంటలు కట్టిరి. కప్పిన కాలువ యెన్నటికైనను తెఱువవలసివచ్చునని వారు ముందే తలంచిరి.

మన శాస్త్రగ్రంథములును ఈ విషయమును విడువలేదు. కౌటిల్యుని అర్థశాస్త్రము 1909లో మైసూరునందు అచ్చుపడి లోకమునకు తెలియవచ్చినది. అందలి గృహవాస్తుప్రకరణమున ఇంటి నీటిదారి పొరుగువాని గోడకు ఇంత యెడముగా నుండవలెననియు, ఆ నియమము మీఱినవానికి 54 పణముల దండుగ యనియు చెప్పబడినది. ఆఱవ శతాబ్దివాడగు వరాహమిహిరుడు బృహత్సంహితలో పాలుగారు చెట్లు ఇంటిచెంత నున్నచో ధననష్టమని వ్రాసెను. రావి, మఱ్ఱి, జువ్వి, మేడి అట్టి జాతులే. దీనిని శకునముగా నమ్మువారు నమ్ముదురు. గోడ పగిలి, తూము పూడి, తాపీపనివానికి కూలి చెల్లించినవానికి మాత్రము ధననష్టమనుమాట యక్షరాల నిజముగా తోచును. ఆ గ్రంథముననే వృక్షాయుర్వేదమునందు చెట్టునకు చెట్టునకు నడుమ 20 మూరలు ఉత్తమము, 16 మధ్యమము, 12 అధమమని కలదు. మూర యడుగున్నర యనుకొన్నచో 20 మూరలు 30 అడుగులగును. ఈ లెక్క తోటకు చెప్పినదే కాని తూమునకు చెప్పినది కాదు. అయినను వేరు నేలలో నెంత చోటు కోరునో మన పూర్వు లెఱుగుదురనుటకు ఇది చాలును.

మఱి మార్పు ఎప్పుడు వచ్చెను? ఇంగ్లాండులో 1846లో హెన్రీ డౌల్టను లండనునందలి లాంబెతులో ఉప్పుపూత కాల్చిన మట్టిగొట్టములను పెద్దయెత్తున చేయు కార్ఖానా పెట్టెను. 1848లో ఆ దేశమున ప్రజారోగ్య చట్టము వచ్చెను. మురుగును నేలలో కప్పి దూరముగా పంపుటయే నాగరకతయని అచటివారు నిశ్చయించిరి. కలరావంటి రోగములను చూచినవారి కది తప్పు కాదు. ఆ పద్ధతి యెందఱినో బ్రతికించినది. ఆ పద్ధతియే పిమ్మట మన దేశమునకును వచ్చెను. మన సీమలో శ్రీకాకుళమునకు 1856లోను, విజయనగరమునకు 1888లోను పురపాలకసంఘము లేర్పడెను. 1920 నాటి మదరాసు జిల్లా మునిసిపాలిటీల చట్టము ఇంటి మురుగుదారులనుగూర్చి సంఘములకు అధికారము లిచ్చెను. పట్టణముల వెంబడి పల్లెలలోను గొట్టములు నేలలోనికి దిగెను.

ఆ మట్టిగొట్టములు ఒక్కొక్కటి రెండేసి యడుగుల పొడవు గలవి. 60 అడుగుల తూమునకు 30 గొట్టములు, 29 అతుకులు. అతుకులను సిమెంటుతో మెత్తుచుండిరి. నేల కొంచెము కదలినను, పైన బండి నడచినను సిమెంటు బీట వాఱును. అందులో వెండ్రుకవాసి సందు చాలును.

వేరునకు కన్ను లేదు, ముక్కు లేదు. అది యెచటనో నున్న తూమును పసిగట్టి వెదకికొని వచ్చుననుట సరికాదు. చెట్టు వేళ్ళలో పెక్కుభాగము నేలపై పొరలో రెండు మూడడుగుల లోతుననే యుండును. కొమ్మల నీడను దాటి చాలదూరము ప్రాకును. తేమయు గాలియు దొరకినచోట అవి గుబురుగా పెరుగును, దొరకనిచోట సన్నగిల్లును. బీటవాఱిన అతుకునుండి చెమ్మ ఊరుచుండగా, ఆ దాపున ప్రాకు నూలుపోగువంటి వేరు లోనికి జొరబడును. లోపల నీరు, గాలి, ఎరువు మూడును సిద్ధముగా నుండును. కొన్ని నెలలలో అది కుచ్చుగా పెరిగి, కొవ్వును వెండ్రుకలను పట్టి యాపును. తూమును మొదట పగులగొట్టినది చెట్టు కాదు. పగిలిన తూము చెట్టును పిలిచినది. పిలిచిన పిమ్మట మాత్రము వేరు లావెక్కి ఆ పగులును పెద్దది చేయును.

చెట్లన్నియు నొకటి కావు. కొబ్బరివేళ్ళు వేలకొలది యుండినను చిటికెనవ్రేలి లావుకు మించవు. అవి తూమును పూడ్చును గాని గోడను చీల్చవు. రావి, మఱ్ఱి వేళ్ళు ఏటేట లావెక్కుచు రాతినైనను ఎడము చేయును. కాంబోజదేశమున 1186లో ప్రతిష్ఠింపబడిన తా ప్రోమ్ ఆలయమును జనులు విడిచిపోగా, మహావృక్షముల వేళ్ళు ప్రాకారములను పెనవేసికొనినవి. అచటికిని నేటికిని యాత్రికులు పోయి చూచుచున్నారు. మనుష్యుడు చూచుట మానిన కట్టడమును వేరు తనదిగా చేసికొనుననుటకు అంతకు మించిన నిదర్శనము లేదు.

తూము పూడుటవలని నష్టము ఇంటి దుర్వాసనతో ముగియదు. బోదకాలు పురుగు దోమయందు పెరుగునని పాట్రిక్ మాన్సను 1877లో చైనాదేశపు అమోయి రేవున కనుగొనెను. ఆ రోగమును మన తీరమున మోయునది మురుగునీట పుట్టు క్యూలెక్సు దోమ. మన ఉత్తరకోస్తా గ్రామములకు బోదకాలి బాధ చిరపరిచితము. నిలిచిన మురుగు ఒక యింటిదే యైనను దోమ యిల్లిల్లు తిరుగును. కావున పూడిన తూము ఒక యింటివారి సొంతపని యని ఊరకుండరాదు.

అట్లని గొడ్డలి పట్టుట మేలా? ఇచట మన ప్రాంతమునకు సొంతమైన యొక అపాయము కలదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపానులు మన సీమను తాకినవి. తిత్లీనాడు ఉద్దానపు కొబ్బరితోటలు నేలకొఱగిన దృశ్యమును చూచినవారు మఱువలేరు. చెట్టును గాలికి నిలుపునవి మొదలి దాపున నున్న లావు వేళ్ళు. తూముకొఱకని ఒకవైపు వానిని నఱికినచో చెట్టు అప్పటికి పచ్చగానే యుండును. మఱుసటి తుపానున అది ఇంటిమీదనే పడవచ్చును. లావు వేరును తెగగొట్టుటకంటె తూమును జరుపుట మంచిది. తప్పనిసరియైనచో మొదలికి దూరముగా, తూము దగ్గఱనే చేతితో త్రవ్వి, సన్ననివానినే కోయవలెను.

ఇక చేయదగినదేమి? వెదురుబద్దతోనో ఇనుపతీగతోనో వేళ్ళను తీయుట తాత్కాలికము. కత్తిరించిన తీగ చిగిర్చినట్లు వేరు మరల చిగిర్చును. పగిలిన అతుకును మార్చినపుడే రోగము కుదురును. ఇప్పటి ప్లాస్టిక్ గొట్టములు 20 అడుగుల పొడవున దొరకును. 60 అడుగులకు మూడు గొట్టములు, నడుమ రెండే యతుకులు. తూము మలుపు తిరిగినచోట నెల్ల మూత తీసి చూచుటకు వీలైన తొట్టి కట్టవలెను. మైలతుత్తము పోసినచో తాకిన వేళ్ళు చచ్చును గాని అది నీటిలోని చేపలకు విషము. నుయ్యి, చెఱువు దాపున దానిని వాడరాదు. మఱుగుదొడ్డి తొట్టిలోనికి మనుష్యుని దింపి వేళ్ళు తీయింపరాదు. అందలి విషవాయువు క్షణములో ప్రాణము తీయును. అట్టి పనికి మనుష్యుని నియోగించుటను 2013 నాటి చట్టము నిషేధించినది.

2014లో స్వచ్ఛభారత ఉద్యమము మొదలైన పిమ్మట పల్లెయిండ్లలో మఱుగుదొడ్లు విరివిగా వచ్చినవి. వానిలో పెక్కింటికి నీరు ఇంకు గుంటలున్నవి. నీరు ఇంకుటకై వాని గోడలలో సందులు విడుతురు. వేరునకు అది తెఱచిన తలుపే. కావున గుంటకు, గొట్టమునకు 30 అడుగుల లోపల రావి, మఱ్ఱి జాతులను నాటకుండుట మేలు. అరటికిని చేమకును స్నానపు నీటిని తెఱపిగా వడ్డించు పాతపద్ధతి నేటికిని పనికివచ్చును. మఱుగుదొడ్డి నీటిని మాత్రము అట్లు వదలరాదు.

తగవు వచ్చినపుడు పెద్దలు తలంపదగిన మాట యొకటి కలదు. 1882 నాటి సౌకర్యహక్కుల చట్టము ప్రకారము, పొరుగువాని నేలగుండ నీటిదారిని హక్కుగా, బాహాటముగా, అడ్డులేక 20 సంవత్సరములు వాడుకొనినవానికి అది హక్కుగా స్థిరపడును. అట్టి హక్కుగలవాడు గొట్టము బాగుచేయుటకు ఆ నేలను త్రవ్వవచ్చును గాని, పొరుగువానికి వీలైనంత తక్కువ ఇబ్బందితో పని ముగించి, నేలను మునుపటివలె సరిచేయవలెను. చట్టము చెప్పిన యీ మర్యాద చెట్టు విషయమునను పాటించినచో చాల తగవులు అరుగుమీదనే తీఱును. చెట్టుగలవారును తూముగలవారును కలిసి త్రవ్వి చూడవలెను. మొదట అతుకు పగిలినదా యని చూచి, పిమ్మట చెట్టు మాట యెత్తవలెను.

కడపట నొక చిన్న మనవి. ఇంటి దస్తావేజులతోపాటు ఒక కాగితముపై తూము ఎచటినుండి ఎచటికి ఎంత లోతున పోవుచున్నదో గీయించి యుంచుడు. ఇప్పుడా దారి యెఱిగినవారు ప్రతి యింటను ఒకరిద్దఱు పెద్దలు మాత్రమే యుందురు. వారితోపాటు ఆ యెఱుకయు పోయినచో, మనుమడు మొక్కను తూముమీదనే నాటును. నలువది యేండ్లకు వాని కొడుకు దానిని కొట్టించును. ఒక్క కాగితముతో తూమును నిలుచును, చెట్టును నిలుచును.