చందాలతో కట్టుకున్న పుట్టిల్లు

ఆంధ్ర మహిళా సభ అనగానే కళాశాలలు, విద్యానగర్ ఆసుపత్రి గుర్తొస్తాయి. ఇవన్నీ తర్వాత వచ్చినవి. 1937లో మద్రాసు మైలాపూరులో సభ పుట్టేనాటికి ఉన్నదల్లా దాన్ని స్థాపించిన దుర్గాబాయమ్మ, ఆమె తల్లి కృష్ణవేణమ్మ, చదువు కోసం వాళ్లింటికి వచ్చిన కొద్దిమంది ఆడవాళ్లు. వచ్చినవాళ్లలో చిన్న వయసులోనే భర్త పోయినవాళ్లున్నారు, భర్త వదిలేసినవాళ్లున్నారు. బడి వయసు దాటిపోయినవాళ్లను ప్రైవేటుగా బెనారస్ మెట్రిక్ పరీక్షకు కూర్చోబెట్టడమే సభ మొదటి పని. చేతిలో సర్టిఫికెట్ ఉంటే టీచరు ఉద్యోగమో నర్సు ఉద్యోగమో దొరుకుతుంది. నెల జీతం వస్తే, కొట్టినా తిట్టినా పడి ఉండాల్సిన అవసరం తప్పుతుంది. గృహహింస అనే మాట చట్టంలోకి రావడానికి ఎన్నో దశాబ్దాల ముందే ఈ లెక్క వాళ్లకు తెలుసు.

తెలియడానికి కారణం దుర్గాబాయమ్మ జీవితంలోనే ఉంది. ఎనిమిదేళ్లకే ఆమెకు పెళ్లి చేశారు. ఊహ తెలిశాక ఆ కాపురానికి వెళ్లనంది, ఇంట్లోవాళ్లు ఆమె మాట మన్నించారు. ఆ భర్త మరో పెళ్లి చేసుకున్నారు. 1941లో ఆయన పోయాక ఆ రెండో భార్యకు అయినవాళ్ల దగ్గర ఆదరణ కరువైంది. ఆమెను పిలిపించి, సభలో శిక్షణ ఇప్పించి, సొంత కాళ్లమీద నిలబెట్టింది దుర్గాబాయమ్మే. సభ చరిత్రలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఈ సంగతే.

ఇక డబ్బు సంగతి. చందా పోగుచెయ్యడం దుర్గాబాయమ్మకు పన్నెండేళ్ల వయసులోనే అబ్బింది. 1921లో గాంధీజీ కాకినాడ వచ్చినప్పుడు దేవదాసీలను, ఘోషా స్త్రీలను ఆయనతో ప్రత్యేకంగా కలిపించాలని ఆ పిల్ల పట్టుబట్టింది. పది నిమిషాలు కావాలంటే ఐదువేల రూపాయల నిధి ఇవ్వాలన్నారు పెద్దలు. ఆ సొమ్ము కూడబెట్టడానికి ముందుకొచ్చినవాళ్లు దేవదాసీలే. ఆ సమావేశంలో గాంధీజీ అనుకున్నదానికన్నా చాలాసేపు మాట్లాడారు. వింటున్న ఆడవాళ్లు గాజులు, గొలుసులు తీసి ఆయన ముందు పెట్టారు. ఆమె జ్ఞాపకాల్లో ఇదంతా ఉంది. లోకం చిన్నచూపు చూసిన ఆడవాళ్లు ఒక మంచిపనికి తమ ఒంటిమీది బంగారం ఇవ్వడం కళ్లారా చూసిన మనిషి, ఆ తర్వాత సభ కోసం జోలె పట్టడానికి ఎందుకు వెనకాడుతుంది?

చందాల తర్వాత గ్రాంట్ల వంతు వచ్చింది. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ఏర్పడితే దానికి మొదటి అధ్యక్షురాలు ఆమే. స్వచ్ఛంద సంస్థలకు ప్రభుత్వం గ్రాంటు ఇచ్చే పద్ధతి దాంతో స్థిరపడింది. మైలాపూరులో బడి వయసు దాటినవాళ్లకు నేర్పిన తక్కువ కాలపు చదువే 1958 నుంచి కండెన్స్‌డ్ కోర్సుల పేరుతో దేశమంతా నడిచింది. కుటుంబ తగాదాలకు వేరే కోర్టులు ఉండాలని ఆమె యాభైల నుంచే చెబుతూ వచ్చారు. కుటుంబ న్యాయస్థానాల చట్టం 1984లో వచ్చింది. అప్పటికి ఆమె పోయి మూడేళ్లయింది.

ఈరోజు చట్టాలకు లోటు లేదు. 2005 గృహహింస చట్టం భార్యకు తానుంటున్న ఇంట్లోనే ఉండే హక్కు ఇచ్చింది. జిల్లాకో రక్షణ అధికారి, 181 హెల్ప్‌లైను, 2015 నుంచి బాధిత మహిళలకు సాయం చేసే సఖి కేంద్రాలు ఉన్నాయి. అయినా అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో భర్త చేతిలో హింస అనుభవించామన్న వివాహితలు తెలంగాణలో సుమారు 37 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం. దేశం మొత్తం మీద హింసకు గురైనవాళ్లలో సాయం అడిగినవాళ్లు 14 శాతమే.

అడగకపోవడానికి సిగ్గు, భయం ఉన్నమాట నిజమే. కానీ అడిగాక ఏమవుతుందో కూడా చూడాలి. రాత్రికి రాత్రి కట్టుబట్టలతో వచ్చేసిన ఆమె ఆధార్ కార్డు అత్తగారింటి బీరువాలో ఉంటుంది. పిల్లల టీసీ బడిలో ఉంటుంది, ఫీజు బాకీ తీరిస్తేగాని ఇవ్వరు. సఖి కేంద్రంలో ఉండనిచ్చేది ఐదు రోజులు. అర్జీ తేల్చడానికి చట్టం మేజిస్ట్రేటుకు పెట్టిన గడువు అరవై రోజులు, అదీ వీలైతేనే. వాయిదాకు వెళ్లిన ప్రతిసారీ బస్సు చార్జీలు, పోయిన కూలి. పుట్టింటివాళ్లు సర్దుకుపొమ్మంటారు. అద్దెకు గది చూసుకుందామంటే అడ్వాన్సు ముందే పెట్టాలి. చాలామంది తిరిగి ఆ ఇంటికే వెళ్లిపోయేది సరిగ్గా ఇక్కడే. గ్రాంటు పద్దుల్లో ఇలాంటి ఖర్చులకు చోటు దొరకడం కష్టం. గ్రాంటు ఆలస్యమైన నెలల్లో ఆశ్రయ గృహంలో బియ్యం కూడా ఎవరో ఒకరు కొనాల్సిందే.

విరాళం ఇవ్వాలనుకునేవారికి నా విన్నపం ఒకటే. గదిమీద మీ పెద్దల పేరు చెక్కించమని అడగకండి. సభకు ఇచ్చినా, మీ ఊళ్లోని ఆశ్రయ గృహానికి ఇచ్చినా, గది అడ్వాన్సుకు, బాకీపడిన ఫీజుకు, వాయిదాల దారిఖర్చుకు వాడమని రాసి ఇవ్వండి.