ఆ మిషన్ ఎవరిది?

నెట్‌వర్క్ భద్రతను పరీక్షించే పనిని మా వాడుకలో పెన్ టెస్టింగ్ అంటాం. అది నేర్చుకునే పిల్లలు నా దగ్గరికి తెచ్చే చిక్కులు చాలావరకు ఒక్క తీరుగానే ఉంటాయి. "సర్, ఎన్‌మ్యాప్ కొడితే హోస్ట్ డౌన్ అంటోంది." "సర్, ఎక్స్‌ప్లాయిట్ కంప్లీటెడ్ అని వస్తోంది గానీ సెషన్ ఓపెన్ కావట్లేదు." జవాబు చెప్పేముందు నేను ఒకటే అడుగుతాను: "ఆ మిషన్ ఎవరిదమ్మా?" కొందరి ముఖాలు చిన్నబోతాయి. సాయం కోసం వస్తే సంజాయిషీ అడుగుతున్నాడేమిటని బాధపడతారు. ఈ ప్రశ్న నేను పుట్టించింది కాదు. ఈ వృత్తిలో మా ముందువాళ్లు ఉద్యోగాలు పోగొట్టుకుని, కోర్టు మెట్లెక్కి మాకు మిగిల్చిన ఆచారం. అది ఎట్లా వచ్చిందో తెలిస్తే ఆ బాధ పోతుందని నా నమ్మకం.

మొదట్లో అసలు అడగడానికే ఎవరూ లేరు. 1970ల్లో అమెరికా వైమానిక దళం తన కంప్యూటర్ల మీద తానే దాడి చేయించి చూసుకునేది. ఆ బృందాలను టైగర్ టీమ్‌లు అనేవారు. పాల్ కార్గర్, రోజర్ షెల్ మల్టిక్స్ అనే పెద్ద వ్యవస్థను అట్లాగే ఛేదించి 1974లో నివేదిక రాశారు. యజమానే పిలిచి చేయించుకున్న పని గనక అనుమతి గొడవ లేదు. బయటివాడికి నేర్చుకునే దారీ లేదు. 1988 నవంబరు 2న కార్నెల్‌లో చదువుతున్న రాబర్ట్ మోరిస్ వదిలిన వర్మ్ ఇంటర్నెట్‌లో వేల మిషన్లను స్తంభింపజేసింది. ఆ దెబ్బతో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో, ఇట్లాంటి ఘటనలకు స్పందించడానికి సెర్ట్ సమన్వయ కేంద్రం పెట్టారు. అయినా మామూలు సిస్టమ్ అడ్మిన్‌కు తన మిషన్లో ఏ లోపం ఉందో చూసుకునే సాధనం చేతికి రాలేదు.

ఆ కొరత తీర్చాలనుకున్నవాళ్లు ఇద్దరు: అమెరికాలో డాన్ ఫార్మర్, నెదర్లాండ్స్‌లోని ఐంధోవెన్ విశ్వవిద్యాలయంలో వీట్సె వెనెమా. మీ నెట్‌వర్క్‌లోకి మీరే చొరబడి దాన్ని బాగుచేసుకోండి అంటూ 1993 చివర్లో ఇద్దరూ కలిసి ఒక వ్యాసం రాశారు. ఫింగర్ సర్వీసు ఎవరెవరి గుట్టు బయటపెడుతుందో, ఎన్‌ఎఫ్‌ఎస్ సరిగా పెట్టకపోతే డిస్కు లోకమంతటికీ ఎట్లా తెరుచుకుంటుందో విడమరిచి చెప్పారు. ఊరికి వెళ్లేముందు మన తలుపు తాళాన్ని మనమే లాగి చూసుకున్నట్టు, ముందు మీ ఇల్లు మీరు పరీక్షించుకోండి అన్నది దాని సారం. ఆ పరీక్షలన్నిటినీ ఒకచోట చేర్చి సాటన్ (అంటే సాతాను) అనే స్కానర్ తయారుచేసి, 1995 ఏప్రిల్ 5న ఉచితంగా విడుదల చేశారు.

విడుదలకు ముందు రేగిన భయం అంతా ఇంతా కాదు. దొంగల చేతికి తాళంచెవులు ఇస్తున్నారని పత్రికలు గగ్గోలు పెట్టాయి. ఫార్మర్ అప్పుడు సిలికాన్ గ్రాఫిక్స్ సంస్థలో పనిచేసేవాడు. ఈ గొడవలో ఆ ఉద్యోగం పోయింది. పేరు చూసి జడుసుకునేవాళ్ల కోసం దాన్ని శాంటాగా మార్చే చిన్న ప్రోగ్రామును కూడా జతచేశారు. తీరా విడుదలయ్యాక అనుకున్న ప్రళయం ఏదీ రాలేదు. సాటన్ గొప్పతనం నాకు వేరే చోట కనిపిస్తుంది. లోపం ఉందని చెప్పి ఊరుకోకుండా, ఆ లోపం ఏమిటి, ఎందుకు ప్రమాదం, ఎట్లా సరిదిద్దుకోవాలి అన్నది బ్రౌజర్‌లోనే పాఠంలా చూపించేది. అడగడానికి మనిషి దొరకని అడ్మిన్‌కు అదే గురువు. మన దేశంలో వీఎస్‌ఎన్‌ఎల్ ప్రజలకు ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టింది ఆ ఏడాది ఆగస్టు 15న. అంటే మనం లోపలికి అడుగు పెట్టేసరికే ఈ వాదం సగం నడిచిపోయింది.

అదే ఏడాది జూలైలో ఒరెగాన్ రాష్ట్రంలో ఒక తీర్పు వచ్చింది. పెర్ల్ భాష నేర్చుకున్నవాళ్లంతా ఎరిగిన రచయిత రాండల్ ష్వార్ట్జ్ ఇంటెల్ సంస్థలో కాంట్రాక్టు మీద సిస్టమ్ అడ్మిన్‌గా ఉండేవాడు. పాస్‌వర్డ్‌లు ఎంత బలహీనంగా ఉన్నాయో చూడడానికి క్రాక్ అనే ప్రోగ్రాము నడిపాడు. మంచికే చేశానన్నాడు, కానీ చెయ్యమని చెప్పినవారు లేరు. మూడు నేరాలు రుజువయ్యాయని కోర్టు తేల్చింది. 2007లో ఆ శిక్ష రికార్డు నుంచి తొలగించారు, కానీ మధ్యలో పన్నెండేళ్లు గడిచాయి. నా దృష్టిలో అది అతనికి జరిగిన అన్యాయమే. అయినా ప్రతి కొత్త బ్యాచ్‌కూ ఈ కథ చెబుతాను. ఆ సాధనాన్నే పక్క గదిలో సంతకం చేసిన కాగితంతో నడిపితే అది ఉద్యోగం. కాగితం లేకుండా నడిపాడు గనక నేరమైంది.

ఇక ఎన్‌మ్యాప్ అనే పోర్ట్ స్కానర్. 1997 సెప్టెంబరు 1న ఫ్రాక్ పత్రిక 51వ సంచికలో ఫ్యోడోర్ అనే కలం పేరుతో గోర్డన్ లయన్ రాసిన వ్యాసంతో పాటు వెలువడిన కోడ్ అది, సుమారు 2,000 వరసలు. మళ్లీ విడుదల చేసే ఆలోచన లేదు కాబట్టి వెర్షన్ నంబరు కూడా పెట్టలేదు. కానీ ఉత్తరాలు వచ్చిపడ్డాయి. ఇది పనిచేయట్లేదు, అది కలపండి, ఇదిగో నేను దిద్దిన కోడ్ అంటూ వచ్చినవే అవన్నీ. కొద్ది రోజుల్లోనే కొత్త వెర్షన్ ఇవ్వక తప్పలేదు. 1998లో అవతలి మిషన్లో ఏ ఆపరేటింగ్ సిస్టమ్ ఉందో ఊహించే శక్తి దానికి వచ్చింది. ఒక్కో సిస్టమ్ ప్యాకెట్లకు బదులిచ్చే తీరులో చిన్న చిన్న తేడాలుంటాయి, వాటిని ముద్రలుగా దాచుకుని పోల్చి చూస్తుంది. గుర్తుపట్టలేని మిషన్ ఎదురైతే, అదేమిటో మీకు కచ్చితంగా తెలిస్తే మాకు పంపండి అని వాడేవాడినే అడుగుతుంది. అట్లా లోకం నలుమూలల నుంచి చేరిన ముద్రలు వేలల్లో ఉన్నాయి. సాయం అడిగేవాడూ ఇచ్చేవాడూ ఒక్కరే కావడం నాకు ఈ వృత్తిలో అన్నిటికన్నా నచ్చిన సంగతి.

ఆ కాలంలోనే నేను పీసీక్వెస్ట్ పత్రికతో వచ్చే సీడీ నుంచి లినక్స్ ఎక్కించుకుని, హైదరాబాదులో ఒక ఆఫీసు నెట్‌వర్క్ చూసుకుంటూ ఉండేవాణ్ని. డయలప్ కనెక్షన్‌తో నెట్‌లో రాత్రి అడిగిన ప్రశ్నకు పొద్దున జవాబు ఉండేది. పోర్టులు కొన్ని ఫిల్టర్డ్ అని ఎందుకు వస్తున్నాయని అడిగాను. ముఖం ఎరగని ఒక పెద్దమనిషి ఓపికగా రాశాడు: సిన్ ప్యాకెట్‌కు సిన్ యాక్ వస్తే పోర్టు తెరిచి ఉన్నట్టు, ఆర్‌ఎస్‌టీ వస్తే మూసి ఉన్నట్టు, ఏమీ రాకపోతే మధ్యలో ఫైర్‌వాల్ మింగేసినట్టు అని. కింద ఇంకో వరస: ఈ సంగతి మీ మేనేజరుకు తెలుసా? తెలుసన్నాను. నోటిమాట చాలదు, రాయించుకో అన్నాడు. అప్పటి నుంచి ఎక్కడ పనిచేసినా, పై అధికారి "ఫర్వాలేదు, చూసెయ్యవయ్యా" అన్నా సరే, ఏ ఐపీలు, ఏ తేదీలు, ఎవరు బాధ్యులు అన్నది మెయిల్‌లో వచ్చేదాకా స్కాన్ కొట్టలేదు.

సాయం ఒక్క దిక్కుకే పారితే ఏమవుతుందో నెసస్ అనే స్కానర్ చూపించింది. 1998లో రెనో డెరేజాన్ అనే, ఇరవై ఏళ్లు నిండని ఫ్రెంచ్ కుర్రాడు దాన్ని ఉచితంగా ఇచ్చాడు. కోడ్ అందరిదీ, వాడినవాళ్లు లెక్కలేనంతమంది. ఇంజిన్ బాగుచేయడానికి చెయ్యి కలిపినవాళ్లు మాత్రం దాదాపు లేరని చెప్పి 2005లో మూడో వెర్షన్ నుంచి కోడ్ మూసేశారు. పాత కోడ్ నుంచి ఓపెన్‌వాస్ పుట్టింది. ఆ నిర్ణయాన్ని తప్పుపట్టే హక్కు మాకెవరికీ లేదనే అనుకుంటాను.

2003లో హెచ్‌డీ మూర్ ఎక్స్‌ప్లాయిట్‌లను నడిపే మెటాస్ప్లాయిట్ అనే సాధనం తెచ్చాడు. 2006లో బ్యాక్‌ట్రాక్, 2013లో కాలీ లినక్స్ ఇట్లాంటి సాధనాలన్నిటినీ ఒక్క డిస్కులో సర్దేశాయి. హైదరాబాదులో మైత్రీవనం చుట్టూ ఎథికల్ హ్యాకింగ్ బోర్డులు లేచాయి. సాధనం చేతికొచ్చేసరికి లక్ష్యం కావాలి. ల్యాబ్ లేని పిల్లవాడు కాలేజీ సర్వర్ మీదో, ఏదో ప్రభుత్వ వెబ్‌సైటు మీదో స్కాన్ వేస్తాడు. ల్యాబ్ చూపించకుండా కోర్సు అమ్మినవాళ్ల తప్పు ఇందులో పెద్దది. ఎందుకంటే సొంత లక్ష్యాలు అప్పటికే ఉన్నాయి. మెటాస్ప్లాయిట్ బృందమే 2010లో మెటాస్ప్లాయిటబుల్ అనే, కావాలని లోపాలతో నింపిన వర్చువల్ మిషన్ ఇచ్చింది. ఎన్‌మ్యాప్ వాళ్లు స్కాన్‌మీ అనే తమ మిషన్‌ను, మితంగా అయితే ఎవరైనా స్కాన్ చేసుకోవచ్చని బాహాటంగా వదిలారు.

కాగితం ఉన్నా ఎంత జాగ్రత్త కావాలో 2019 సెప్టెంబరులో అమెరికాలోని అయోవాలో తెలిసింది. రాష్ట్ర న్యాయవిభాగం నియమించిన ఇద్దరు పరీక్షకులు డల్లాస్ కౌంటీ కోర్టు భవనంలోకి రాత్రివేళ ప్రవేశించారు. చేతిలో అనుమతి పత్రం ఉంది. అయినా అరెస్టయ్యారు. భవనం కౌంటీది, అనుమతి ఇచ్చింది రాష్ట్రం అన్నది వాదం. 2020 జనవరిలో కేసు ఎత్తేశారు. ఆ మిషన్ ఎవరిది అని అడిగాక, అనుమతి ఇచ్చినాయనకు దాని మీద అధికారం ఉందా అని కూడా ఎందుకు అడగాలో దీన్నిబట్టి తెలుస్తుంది.

మన ఐటీ చట్టం 2000 అక్టోబరు 17న అమల్లోకి వచ్చింది. యజమాని అనుమతి లేకుండా కంప్యూటర్‌లోకి వెళ్లడం 43వ సెక్షన్ కిందికి వస్తుంది. దురుద్దేశంతో చేస్తే 66 కింద మూడేళ్ల దాకా జైలు, అయిదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. 2022 ఏప్రిల్ 28న మన ప్రభుత్వ సంస్థ సెర్ట్ ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ ఘటనలను ఆరు గంటల్లో తెలపాలి. కీలక వ్యవస్థల మీద గురిపెట్టి చేసిన స్కానింగ్ కూడా ఆ జాబితాలో ఉంది. సరదాకి వేశానంటే చెల్లే రోజులు కావివి.

కాబట్టి పిల్లలూ, ముందు మీ ల్యాప్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్ ఎక్కించండి, పక్కపక్కన కాలీ, మెటాస్ప్లాయిటబుల్ పెట్టండి, ఆ రెండూ హోస్ట్ ఓన్లీ నెట్‌వర్క్‌లోనే ఉండేలా చూసుకోండి. సెషన్ రాకపోతే ఎల్‌హోస్ట్‌లో ఏ అడ్రసు ఇచ్చారో ఒకసారి సరిచూడండి, తప్పు తరచుగా అక్కడే దొరుకుతుంది. అప్పటికీ కుదరకపోతే అడగండి, మొహమాటం వద్దు. ఇచ్చిన కమాండ్, వచ్చిన అవుట్‌పుట్ ఉన్నదున్నట్టు పెట్టండి. మొదటి వరసలోనే ఆ మిషన్ ఎవరిదో రాయండి.