కోనసీమ అగ్ని చరిత్ర: పాశర్లపూడి నుంచి నగరం గ్రామం దాకా

కోనసీమలో అగ్నిప్రమాదమంటే ఒకప్పుడు తాటాకిళ్లు తగలబడటమే. వేసవి గాలికి పొయ్యిలోంచి ఎగిరిన నిప్పురవ్వ పేటనంతా బుగ్గి చేసేది. పెంకుటిళ్లు, డాబాలు పెరిగేకొద్దీ ఆ భయం తగ్గింది. కృష్ణా గోదావరి బేసిన్‌లో ఓఎన్‌జీసీ తవ్వకాలతో ముప్పు భూమి అడుగు నుంచి రావడం మొదలైంది. ఈ రెండో దశలోని రెండు ఘటనలను పక్కపక్కన పెట్టి చూస్తే, మంట ఎత్తుకూ పోయిన ప్రాణాలకూ పొంతన కనిపించదు.

1995 జనవరి 8న పాశర్లపూడి 19వ నంబరు బావి తవ్వుతుండగా గ్యాస్ ఒత్తిడి అదుపు తప్పి బ్లోఅవుట్ అయి, మంటలు లేచాయి. చుట్టుపక్కల ఊళ్లను ఖాళీ చేయించారు. అమెరికా నుంచి నీల్ ఆడమ్స్ సంస్థ నిపుణులు వచ్చారు. మార్చి 15న బావిని అదుపులోకి తెచ్చేదాకా, సుమారు 65 రోజులు ఆ మంట ఆరలేదు. దేశంలోనే అతిపెద్ద బ్లోఅవుట్లలో ఒకటిగా నిలిచిన ఈ ప్రమాదంలో మనుషులెవరూ చనిపోలేదు. మంట ఒక్కచోటే ఉండటం, తప్పుకోవడానికి జనానికి వ్యవధి దొరకడం అందుకు ముఖ్య కారణాలు.

2014 జూన్ 27న మామిడికుదురు మండలం నగరంలో ఆ వ్యవధే లేకపోయింది. తాటిపాక నుంచి గ్యాస్ తీసుకెళ్లే గెయిల్ సంస్థ 18 అంగుళాల పైపులైను నుంచి లీకైన గ్యాస్ ఇళ్ల మధ్య, కొబ్బరి తోటల మధ్య పరుచుకుని, తెల్లవారుజామున అంటుకుంది. నిద్రలో ఉన్నవారు, అప్పుడే లేచి పనుల్లో పడినవారు మంటల్లో చిక్కుకున్నారు. కాలిన గాయాలతో ఆస్పత్రుల్లో చేరినవారిలోనూ కొందరు చనిపోగా మృతుల సంఖ్య 20 దాటింది. పొడి గ్యాస్ కోసం వేసిన లైనులో తేమ, ద్రవాలు కలిసిన గ్యాస్ పంపడం వల్ల పైపు లోపల తుప్పు పట్టిందని విచారణలో తేలింది. అంతకుముందూ లీకులు ఉన్నాయని గ్రామస్థులు చెప్పారు. ముందే లీకులు కనిపించినా ప్రమాదం ఆగకపోవడమే నా దృష్టిలో ఈ చరిత్రలో అన్నిటికన్నా బాధాకరమైన విషయం.

కోనసీమ బయట, 1997 సెప్టెంబరు 14న విశాఖ హెచ్‌పీసీఎల్ రిఫైనరీలోనూ గ్యాస్ పరుచుకున్నాక అంటుకునే ఇదే క్రమం. లీకైన ఎల్‌పీజీ మేఘంలా పరుచుకుని ఉదయాన అంటుకుంది. సుమారు 60 మంది చనిపోయారు.

ఇక పైపులైను వేసే భూమి సంగతికొస్తే, 1962 నాటి పెట్రోలియం పైపులైన్ల చట్టం ప్రకారం ప్రభుత్వం ఆ భూమిని కొనదు, వాడుకునే హక్కు మాత్రమే తీసుకుంటుంది. భూమి రైతుదే అయినా పైపు వెళ్లిన పట్టీ మేర ఇల్లు కట్టకూడదు, చెట్టు నాటకూడదు. తోటలోనే ఇల్లు, ఇంటి చుట్టూ కొబ్బరి చెట్లు ఉండే కోనసీమలో ఆ పట్టీకి కొద్ది గజాల అవతలే కాపురాలుంటాయి. పట్టీ వరకు నిబంధన పాటించినా, లీకైన గ్యాస్ దాని అంచు దగ్గర ఆగదు. అందువల్ల ఈ ప్రాంతంలో ముప్పును అంచనా వేసేటప్పుడు పైపు వయసు, ఒత్తిడితో పాటు లీకు సంగతి చెప్పిన క్షణం నుంచి వాల్వు మూతపడేదాకా పట్టే సమయాన్ని కూడా ఊరూరా కొలవాలి.