నీళ్ల ట్యాంకు, ఆటో స్టార్టర్: ఒక గృహచరిత్ర

గృహోపకరణాల చరిత్ర అనగానే మిక్సీ, వాషింగ్ మెషీన్ గుర్తుకొస్తాయి. హైదరాబాదు తూర్పు శివార్లలో మాత్రం ఆ చరిత్రను మిద్దెమీది నీళ్ల ట్యాంకు దగ్గర మొదలుపెట్టడం సముచితం.

ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఆ నీళ్లు నగరానికే. బోడుప్పల్ అప్పటికి పొలాలున్న పల్లె. తరువాత పొలాలు ప్లాట్లయ్యాయి. పైపులైను మాత్రం ఇళ్లంత వేగంగా రాలేదు. ఇంటింటికీ బోరు తప్పనిసరైంది. కరెంటున్న వేళ చూసి మోటారు వేయడం, ట్యాంకు నిండగానే ఆపడం సాధారణంగా ఇల్లాలి పని. ఏమరుపాటైతే నీళ్లు వీధిన పారేవి, "మోటారు బంద్ చేయండి" అని పక్కింటివారు కేకేసేవారు.

ఈ చిక్కుకు పరిష్కారం పొలంలో ముందే ఉంది. రాత్రి కరెంటు ఎప్పుడొచ్చినా పంపుసెట్టు తనంతట తానే నడిచేలా రైతులు ఆటో స్టార్టర్ పెట్టుకున్నారు. చీకట్లో పాముల భయం తప్పింది. ఇంటి ట్యాంకు పరికరంలో పైన ఒకటి, కింద ఒకటి సెన్సార్లుంటాయి. నీరు కిందిదాని కంటే దిగితే మోటారు నడుస్తుంది, పైదాన్ని తాకితే ఆగుతుంది. నేటి ‘స్మార్ట్ హోం’ హంగులకన్నా ఇదే ఎక్కువ శ్రమ తగ్గించిందని నా అభిప్రాయం.

అయితే ఈ పరికరం ట్యాంకును చూస్తుంది, భూగర్భాన్ని చూడదు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్తు మొదలైన సందర్భంలో, భూగర్భజలాలు తరిగిపోతాయని ఆటో స్టార్టర్లు తొలగించమని ప్రభుత్వమే రైతులను కోరింది. కాలనీ ఇళ్లలో మాత్రం బోరు ఎండి మోటారు కాలేదాకా నీరు తగ్గిన సంగతే తెలియదు.