పన్ను, ఎముక, ఎక్స్-రే: తెలుగునేల ఫ్లోరోసిస్ చరిత్రలో రెండు సాక్ష్యాలు

1. ఉపోద్ఘాతం

తెలుగు ప్రాంతాల ఫ్లోరోసిస్ చరిత్రను చెప్పేటప్పుడు గారపళ్లు, వంగిన ఎముకలు ఒకే వ్యాధికి ముందువెనుక దశలుగా ప్రస్తావనకు వస్తుంటాయి. నిజానికివి మనిషి జీవితంలోని రెండు వేర్వేరు కాలాలకు సాక్ష్యాలు. ఈ భేదాన్ని విస్మరిస్తే గ్రామచరిత్రలో కొందరి బాధ నమోదు కాకుండానే మిగిలిపోతుంది. ఆ కాలభేదాన్ని వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

2. ఒకే చిత్రంలో రెండు కాలాలు

దంత ఎక్స్-రేలో పన్ను, దానిని పట్టి ఉంచే దవడ ఎముక రెండూ కనిపిస్తాయి. జ్ఞానదంతాలు మినహా శాశ్వతదంతాల పింగాణి పొర దాదాపు 8 ఏళ్ల వయసుకే ఏర్పడుతుంది. ఆ తరువాత తాగిన నీటిలోని ఫ్లోరైడ్ దానిపై కొత్త మచ్చలు కలిగించదు. ఎముక మాత్రం జీవితాంతం కరుగుతూ, తిరిగి ఏర్పడుతూ ఉంటుంది.

పింగాణి ముగిసే చోటు నుండి ఎముక పైఅంచు వరకు గల దూరాన్ని బట్టి ఎముక మట్టాన్ని నిర్ణయిస్తారు. ఆరోగ్యవంతులలో ఆ దూరం సుమారు 2 మిల్లీమీటర్ల లోపు ఉంటుంది. కిరణం పడే కోణం మారితే ఈ కొలత కూడా మారుతుంది. మట్టం తగ్గడానికి ప్రధాన కారణం చిగుళ్ల వ్యాధి కాబట్టి దీనిని ఫ్లోరైడ్‌కు కొలమానంగా గ్రహించరాదు. అస్థి ఫ్లోరోసిస్‌ను గుర్తించడానికి వెన్నెముక, కటి, ముంజేయి ఎక్స్-రేలలో ఎముక సాంద్రతను, కీళ్ల బంధనాలలో చేరిన సున్నాన్ని పరిశీలిస్తారు.

3. కోపెన్‌హాగెన్ నుండి నల్లగొండకు

1932లో మోలర్, గుడ్యోన్సన్ అనే వైద్యులు కోపెన్‌హాగెన్‌లో క్రయోలైట్ ధూళి మధ్య పనిచేసే కార్మికుల ఎముకలు అసాధారణంగా చిక్కబడటాన్ని ఎక్స్-రేల ద్వారా గుర్తించారు. వారికి ఫ్లోరైడ్ సోకినది బాల్యంలో కాదు, పనిలో చేరిన తరువాత. 1937లో షార్ట్, మెక్‌రాబర్ట్, బర్నార్డ్, నాయర్‌లు నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా ఫ్లోరోసిస్‌ను ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో వివరించారు. 1955లో సిద్ధిఖీ నల్లగొండ జిల్లా రోగులను గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. ఈ రెండుచోట్లా ఫ్లోరైడ్ సోకినది తాగునీటి ద్వారానే.

4. పుట్టిల్లు, మెట్టినిల్లు

పళ్లమచ్చలు బాల్యంలో తాగిన నీటిని మాత్రమే తెలుపుతాయి. పూర్వ నల్లగొండ జిల్లాలోని ఫ్లోరైడ్ గ్రామంలో పెరిగి, దానికి ఉత్తరాన ఉన్న పెద్దవంగరకు కోడలిగా వచ్చిన స్త్రీ గారపళ్లు ఆమె పుట్టింటి నీటికి సాక్ష్యం. మెట్టినింటి నీటికి కావు. ఇక మంచినీటి ఊరిలో పెరిగి ఫ్లోరైడ్ గ్రామానికి కాపురానికి వెళ్లిన స్త్రీ పలువరుస తెల్లగానే ఉంటుంది. నడుము మాత్రం ఏళ్లు గడిచేకొద్దీ బిగుసుకుపోవచ్చు. పళ్లను మాత్రమే చూసే సర్వేలో ఆమె ఆరోగ్యవంతురాలిగానే నమోదవుతుంది.

5. ముగింపు

కాబట్టి ఫ్లోరోసిస్ బాధితుల మౌఖిక చరిత్రను సేకరించే పరిశోధకులు ప్రస్తుత నివాసంతో పాటు పుట్టిన ఊరు, కాపురానికి వచ్చిన ఏడు, ఆయా కాలాలలో తాగిన బావి లేదా బోరు వివరాలను కూడా నమోదు చేయాలి. ఎక్స్-రే ఎముకలోని మార్పును చూపుతుంది. ఆ మార్పు ఏ ఊరి నీటితో వచ్చిందో నిర్ణయించడానికి బాధితుల కథనం అవసరం.